ఫోటో బరువు

నేను ఒక సీసపు దిమ్మను. బరువు రెండు కిలోలు. అరచేతిలో ఇమిడే పొడవు, నడికట్టు దూరడానికి రెండు సందులు, కుడివైపు ఒక చిన్న సొట్ట. ఇంతకు మించి నా గురించి చెప్పుకోవడానికి ఏముంటుందని మీరు అనుకుంటారు. సముద్రం అడుగుకు దిగే మనుషులు కూడా అలాగే అనుకుంటారు. మాస్కును మంచినీళ్ళతో కడిగి మెత్తని గుడ్డలో చుడతారు. కాళ్ళకు తొడిగే రెక్కలను నీడలో ఆరబెడతారు. సిలిండర్‌ను పసిపిల్లను దించినట్టు దించుతారు. మమ్మల్ని మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బాలో దభీమని పడేస్తారు. కాలి మీద పడితే తప్ప మా ఊసు ఎవరికీ గుర్తుకురాదు.

దానికి నాకేమీ బాధ లేదు. నా కోపం వేరు. నాకు పని తగ్గిందని నేను ఏనాడూ ఏడవలేదు, పని ఎక్కువైందనే నా గొడవంతా. మీరు నన్ను అవసరానికి మించి కట్టుకుంటారు. సీసం నోట ఈ మాట వింతగా ఉంటుందని నాకు తెలుసు. అయినా చెప్పి తీరతాను. కట్టుకున్నవాళ్ళు ఎన్నాళ్ళకూ చెప్పకపోతే, చివరికి కట్టబడిన దిమ్మే చెప్పుకోవాలి.

నేను పుట్టింది విశాఖకు ఉత్తరాన, భీమిలి దారిలో ఉన్న ఒక జాలరిపేటలో. అంతకుముందు నేను ఒక దిమ్మను కాదు, నలభై గుండ్లను. ఎల్లాజీ అనే జాలరి వల కింది అంచుకు వేలాడేదాన్ని. వలకు పై అంచున బెండ్లు ఉంటాయి, కింది అంచున గుండ్లు ఉంటాయి. బెండ్లు పైకి లాగుతాయి, గుండ్లు కిందికి లాగుతాయి, రెంటి మధ్య వల నీళ్ళలో తెరలా నిలబడాలి. కొత్త వల కట్టాక ఎల్లాజీ దాన్ని తిన్నగా పడవెక్కించేవాడు కాదు. రొమ్ములోతు నీళ్ళలోకి మోసుకెళ్ళి, ఒక బారెడు దించి చూసేవాడు. మొదట కావాలనే నాలుగు గుండ్లు ఎక్కువ కట్టేవాడు. తర్వాత ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చేవాడు. రెండో కొస పట్టుకుని నిలబడేది ఆయన కూతురు పరదేశమ్మ. ఆ పిల్లకు అప్పుడు ఎనిమిదేళ్ళు, నీళ్ళు గడ్డం దాకా వచ్చేవి.

"ఒలే పరదేశీ, వల నిలబడ్డాదా, పడుకున్నాదా?"

"పడుకున్నాదయ్యా."

"అయితే ఇంకోటి ఒగ్గెయ్. బరువెక్కువైన వల సేపల్ని పట్టదే, మట్టిని పడతాది."

ఒగ్గెయ్ అంటే వదిలెయ్. అలా అంటూ గుండును తనే విప్పి ఆ పిల్ల చేతిలో పెట్టేవాడు. చివరి గుండు విప్పాక వల మెల్లగా లేచి నిలబడితే తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి నవ్వేవాళ్ళు. విప్పేసిన గుండుగా ఆ పిల్ల గుప్పిట్లో ఉండటమే నాకు తెలిసిన మొదటి గౌరవం. అవసరం లేదని చూసి, ఆలోచించి తీసేయడం కన్నా ఎవరైనా మాకు ఇవ్వగల మర్యాద ఏముంది?

తర్వాత గుండ్లు ముందే గుచ్చిన నైలాను వలలు వచ్చాయి. ఎల్లాజీ మోకాళ్ళు పోయాయి. ఆ రోజుల్లోనే ఒడ్డున కొత్తగా పెట్టిన డైవింగ్ దుకాణం వాళ్ళు ముప్పై సీసపు దిమ్మలు కావాలని వచ్చారు. ఎల్లాజీ తన పాత వలల గుండ్లన్నీ ఇనప మూకుడులో వేసి, ఒడ్డునే బొగ్గుల పొయ్యి మీద కరిగించాడు. అప్పటికి పెద్దదైన పరదేశమ్మను దగ్గరకు రానివ్వలేదు. "గాలొచ్చీ వైపు నిలబడే, ఆ పొగ మింగితే మరి బతకవు" అని కసిరాడు. నన్ను అచ్చులో పోసినప్పుడు లోపల ఒక బుడగ చిట్లి సొట్ట పడింది. ఎల్లాజీ నన్ను తిప్పి చూసి, "పోన్లే, దీనికో గుర్తున్నాది" అన్నాడు. ఆ గుర్తే నా కొంప ముంచింది.

దుకాణం యజమాని భద్రరాజుగారిది భీమవరం వైపు. మనిషి మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మిగతాది విని మీరు ఆయన్ని మరోలా అనుకుంటారు. నీళ్ళంటే వణికే మనిషిని కూడా భుజం తట్టి సముద్రంలోకి దింపగల నోరు ఆయనది. కానీ ఆయనకు సముద్రం కన్నా సముద్రంలో తీసిన ఫోటో అంటే ప్రాణం. దుకాణం గోడ నిండా ఆయన తీసిన ఫోటోలే, అన్నిటిలోనూ ఒకటే భంగిమ. దిగిన మనిషి అడుగున ఇసుకలో చతికిలబడి, రెండు వేళ్ళు పైకెత్తి, మాస్కు వెనక కళ్ళింత చేసుకుని చూస్తుంటాడు.

నీళ్ళలో మనిషి ఊరికే అలా కూర్చోడు. తేలతాడు, ఒరుగుతాడు, కొట్టుకుపోతాడు. కూర్చోబెట్టాలంటే బరువు కావాలి. అందుకని రాజుగారు ఒక పద్ధతి పెట్టారు. సన్నగా ఉంటే ఐదు దిమ్మలు, ఒళ్ళుంటే ఆరు. మనిషిని నీళ్ళలో నిలబెట్టి చూసేది లేదు. వాటిలో చివరి రెండింటికీ దుకాణంలో ఒక పేరుండేది, ఫోటో బరువు. సొట్ట వల్ల నన్ను గుర్తుపట్టడం తేలిక కాబట్టి ఆ చివరి రెండింట్లో ఒకటి ఎప్పుడూ నేనే.

ఆరేళ్ళు ఆ ఉద్యోగం వెలగబెట్టాను. కొత్త జంటలు, బ్యాంకు మేనేజర్లు, పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చిన తాతగార్లు, ఎంతమంది నడుములకు వేలాడానో చెప్పలేను. అందరూ సముద్రం చూడాలనే వచ్చారు. ఇసుకలో కూలబడి, కాళ్ళతో ఇసుక రేపి, ఆ మబ్బులోనే ఫోటో దిగి, ఏమీ చూడకుండా పైకి వెళ్ళి అద్భుతంగా ఉందన్నారు. ఒక్క చేప కూడా కనబడలేదని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. మనుషుల్లో నాకు నచ్చే గుణం ఇదే, నచ్చనిదీ ఇదే.

బరువెక్కువైతే ఏమవుతుందో మోసేవాడికి అర్థం కాదు, నడుము మీద ఉన్న నాకు అర్థమవుతుంది. నేను కిందికి లాగుతుంటే వాళ్ళు ఒంటి మీదున్న గాలి జాకెట్‌ను ఉబ్బిస్తారు. ఆ గాలి ఇంకాస్త లోతుకు వెళితే చిక్కిపోతుంది, కాస్త పైకి వస్తే పొంగుతుంది. దాంతో దిగేటప్పుడు మరీ దిగిపోతారు, లేచేటప్పుడు మరీ లేచిపోతారు. జాకెట్ భుజాల్ని పైకి లాగుతుంది, నేను నడుముని కిందికి లాగుతాను, మధ్యలో మనిషి ఏటవాలుగా నిలబడి కాళ్ళు కొట్టుకుంటూ సిలిండర్ గాలంతా తాగేస్తాడు. నలభై నిమిషాలు రావలసిన గాలి ఇరవై నిమిషాలకే అడుగంటుతుంది. ఇంత చేసి, పైకి వచ్చాక సీసం లాగేసిందని నా మీద నెట్టేస్తారు. లాగక ఏం చేస్తాను? నేను సీసాన్ని. నన్ను కట్టుకున్నదెవరు?

మేం దుకాణానికి వచ్చిన రెండేళ్ళకు పరదేశమ్మ కూడా వచ్చింది, రబ్బరు సూట్లు ఉతికే పనికి. రెండేళ్ళు తొట్టి దగ్గరే ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా గైడ్ల వెంట పడి డైవింగ్ నేర్చుకుంది. మరో రెండేళ్ళుగా తనే గైడు. ఆ పేటలో ఆడవాళ్ళు చేపలమ్ముతారు, ఎండబెడతారు, పడవ మాత్రం ఎక్కరు. అలాంటిచోట ఎల్లాజీ కూతురు వీపున సిలిండర్ వేసుకుని సముద్రం అడుగుకు వెళ్ళొస్తుంటే పేట పేటంతా ముక్కున వేలేసుకుంది. ఆమెకు ఇంకొక్క మెట్టే మిగిలింది, ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష. దానికి రాజుగారు ఆమె పేరు పంపాలి. పంపుతాను పంపుతాను అంటూనే ఆయన రెండేళ్ళు గడిపారు. కారణం అందరికీ తెలుసు. రాజుగారు కట్టిన దిమ్మల్ని ఆ అమ్మాయి విప్పేస్తుంది.

చాటుగా విప్పేది. పడవ మీద అటు తిరిగి ఒకటి తీసి గోనె కింద దాచేది. ఒక్కసారి మాత్రం చాటు లేకుండా పోయింది. అది అనసూయ టీచరు వచ్చిన రోజు.

అనసూయ టీచరుది విజయనగరం. సోషల్ పాఠాలు చెప్పి ఆ ఏడే రిటైరైంది. ముప్పై మూడేళ్ళు పిల్లల చేత బంగాళాఖాతానికి నీలం రంగు వేయించాను గానీ అందులో ఒక్కసారి తల ముంచి చూసింది లేదు అంటూ వచ్చింది. గాలొస్తే ఎగిరిపోయేటంత పలచని మనిషి. రాజుగారు ఆమెకు కూడా ఐదు దిమ్మలు కట్టారు. చివరిది నేను. పది కిలోలు నడుముకు తగిలేసరికి ఆ తల్లి మెట్టు దిగడానికే ఆపసోపాలు పడింది.

ఒడ్డు దగ్గర రొమ్ములోతు నీళ్ళలో పరదేశమ్మ ఆమెను నిలబెట్టింది. జాకెట్‌లో గాలంతా తీసేయించింది.

"మామూలుగా ఊపిరి తీసుకుని బిగబట్టండి మేడమ్. కాళ్ళు పైకెత్తీయండి. కదలకండి."

టీచరు రాయిలా మునిగింది. పరదేశమ్మ చెయ్యిచ్చి లేపి, మొదట నన్ను విప్పింది. మళ్ళీ మునిగింది. ఇంకొకటి విప్పింది. మూడోది విప్పితే మునగడం నెమ్మదించింది. నాలుగోది కూడా విప్పాక, నీటి గీత టీచరు కళ్ళ దగ్గర ఆగింది. ఊపిరి వదిలితే మెల్లగా కిందికి దిగింది, పీలిస్తే మళ్ళీ కళ్ళ దాకా వచ్చింది. పరదేశమ్మ ముఖం విప్పారింది. తండ్రి వల నిలబడినప్పటి నవ్వే అది. నాకు బాగా గుర్తు.

"అదండి మీ బరువు. ఇప్పుడు మళ్ళీ ఒకటి కడతాను. సిలిండర్‌లో గాలిక్కూడా బరువుంటాది మేడమ్. మీరు పీల్చీసినకొద్దీ అది తగ్గిపోతాది. ఆకర్న మీరు పైకి తేలిపోకుండా ఇదొకటి."

ఇదీ లెక్క. ఇంతే లెక్క. ఒంటి బరువును బట్టీ, పొట్టను బట్టీ చెప్పే లెక్కలన్నీ మనిషిని నీళ్ళలో నిలబెట్టి చూసే దాకానే. మందపు సూటైతే ఒకటి ఎక్కువ కావచ్చు, ఉప్పునీళ్ళు కాక మంచినీళ్ళైతే ఒకటి తక్కువ కావచ్చు. నిలబెట్టి చూడటానికి పట్టేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలకు కూడా మీకు ఓపిక ఉండదు.

రెండు దిమ్మలు నడుముకు, మూడు దిమ్మలు పరదేశమ్మ చేతుల్లో. సరిగ్గా అప్పుడే రాజుగారు కెమెరా పట్టుకుని వచ్చారు.

"ఏంటమ్మాయ్, మళ్ళీ మొదలెట్టావా? ఇంత తేలిగ్గా దింపితే ఆవిడ కూర్చోవద్దూ? ఫోటో ఎలా వస్తుంది?"

"ఆవిడ కూకోడానికి రానేదండి రాజుగారూ. సూడ్డానికొచ్చినారు."

రాజుగారి ముఖం ఎర్రబడింది.

"సరే విను. ఈ రోజు ఆవిడ తేలిపోయినా, ఫోటో చెడినా, రేపట్నుంచి నువ్వు తొట్టి దగ్గరికే. పరీక్ష సంగతి మళ్ళీ నా దగ్గర ఎత్తకు."

పరదేశమ్మ వేళ్ళు నా చుట్టూ బిగుసుకున్నాయి. నాలుగేళ్ళ కష్టం ఆ వేళ్ళ మధ్యే ఉంది. ఇక కట్టేస్తుందనుకున్నాను. తప్పు పట్టను కూడా, ఆ స్థితిలో ఎవరైనా కట్టేస్తారు. ఆమె వంగి నన్ను తడి ఇసుక మీద పెట్టింది.

"అలాగేనండి. తొట్టి కాడికే ఎల్తాను. ఈవిడికి మాత్రం కట్టను."

సీసానికి గుండె ఉండదంటారు. ఆ మాట అన్నవాణ్ణి ఆ పూట అక్కడికి పిలిచి ఉండాల్సింది.

రాజుగారికి పట్టుదల పొడుచుకొచ్చింది. "అయితే నువ్వు తీసినవి నేనే కట్టుకుంటా. నా కెమెరా అయినా కదలకుండా ఉంటుంది" అంటూ మా ముగ్గుర్నీ తన నడికట్టుకు ఎక్కించారు. అప్పటికే ఆయనకు నాలుగున్నాయి, అవే ఎక్కువ. ఇప్పుడు ఏడు, మొత్తం పద్నాలుగు కిలోలు. పరదేశమ్మ "వద్దండి రాజుగారూ" అంది. ఆయన వినిపించుకోలేదు. కట్టు చివరన నేను మళ్ళీ వేలాడాను, ఈసారి యజమాని నడుముకే.

అందరూ పడవెక్కారు. పడవ లంగరు వేసిన చోట అడుగున, మీద ఇసుక పేరుకున్న ఒక పెద్ద రాతిబండ ఉంది. పైనుంచి తొమ్మిది మీటర్లు. బండ అంచు దాటితే ఇసుక జారుగా పదిహేను మీటర్ల దాకా పోతుంది. టీచరు లంగరు తాడు పట్టుకుని దిగింది. బండకు మూరెడు ఎత్తున తాడు వదిలింది. తేలిపోలేదు, కూలబడలేదు. ఊపిరి పీలిస్తే బెత్తెడు లేచింది, వదిలితే బెత్తెడు దిగింది. కింద ఇసుక రేణువు కూడా కదల్లేదు. కదలకపోయేసరికి బండ సందులోంచి ఒక ఆక్టోపస్ బయటికొచ్చి, టీచరు కళ్ళెదుటే రంగు మార్చుకుంది. మాస్కు వెనక ఆ తల్లి కళ్ళు నేను చూశాను. ఆరేళ్ళలో ఫోటో కోసం పెద్దవి చేసుకున్న కళ్ళు ఎన్నో చూశాను గానీ, నిజంగా చూసినందుకు పెద్దవైన కళ్ళు అవే మొదలు.

రాజుగారు ఎదురుగా మోకాళ్ళేశారు. మా ఏడుగురి దెబ్బకు ఇసుక బుస్సున లేచింది. కెమెరా ముందంతా మబ్బు. వెనక్కి జరిగారు, అక్కడా మబ్బే. మరికాస్త వెనక్కి జరిగేసరికి బండ అంచు దాటిపోయింది. మేం లాగాం. లాగడమే మా పని, యజమానీ పనివాడూ అని మాకు తేడా తెలియదు. ఆయన జాకెట్‌లోకి గాలి నింపారు. లోతుకు జారేకొద్దీ ఆ గాలి చిక్కిపోయింది. ఇంకా నింపారు. కాళ్ళు కొట్టుకున్నారు, ఆయాసపడ్డారు, ఆ ఆయాసానికి సిలిండర్ ఖాళీ అవుతూ వచ్చింది. పదిహేను మీటర్ల దగ్గర ఇసుక మీద కూలబడ్డారు, అచ్చం గోడ మీది ఫోటోల్లో మనుషుల్లాగే. రెండు వేళ్ళు మాత్రం ఎత్తలేదు.

పరదేశమ్మ చూసింది. ఆమె చేతిలో ఒక కొత్త మనిషి ఉంది. కొత్తవాళ్ళను నీళ్ళలో ఒంటరిగా వదలకూడదు. ఆ పూట టీచరు నడుముకు ఐదు దిమ్మలు ఉండి ఉంటే వదిలేందుకు వీలే ఉండేది కాదు, రాజుగారి సంగతి అక్కడితో సరి. ఆమె టీచరు చేతికి లంగరు తాడు అందించి, ఇక్కడే ఉండమని సైగ చేసింది. టీచరు తలూపి, నిలబెట్టిన వలలా అక్కడే ఉండిపోయింది.

పరదేశమ్మ కిందికి వచ్చి తన దగ్గరున్న రెండో గాలిగొట్టం రాజుగారి నోటికి అందించింది. ఆయన పీల్చారు గానీ కంగారు తగ్గలేదు. పైకి లేపబోతే మేం లేవనివ్వలేదు. ఆమె చెయ్యి నడికట్టు కొక్కెం మీద పడింది. రాజుగారు రెండు చేతులతో కొక్కెం మూసేశారు. నీళ్ళలో నడికట్టు విప్పకూడదన్నది ఆయన అందరికీ నూరిపోసిన నియమం. విప్పితే మనిషి బుడగలా పైకి పోతాడని భయం. ప్రాణం పోతున్నా చేతులు ఆ నియమాన్నే పట్టుకున్నాయి.

నాకు నోరుంటే అప్పుడు ఒక్క మాట అరిచేదాన్ని. ఎల్లాజీ మాటే. ఒగ్గెయ్.

ఆమె ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది, అచ్చం వల గుండ్లు విప్పినట్టు. కొక్కెం లాగింది. మేం ఏడుగురం ఇసుకలో పడ్డాం. రాజుగారు ఒక్కసారిగా పైకి లేచారు. ఆమె ఆయన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో జాకెట్ గాలి వదిలేస్తూ, కాళ్ళతో ఆపుకుంటూ లంగరు తాడు దాకా తెచ్చింది. అక్కడి నుంచి ముగ్గురూ తాడు వెంట మెల్లగా ఎక్కడం కింది నుంచి చూశాను. పైన ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను అడుగున ఉన్నాను, మొదటిసారి ఎవరి నడుమూ కాకుండా. చెప్పొద్దూ, హాయిగా ఉంది.

నాలుగు రోజులకు పరదేశమ్మ దిగింది, వెనకే రాజుగారు. ఆయన నడుముకు ఈసారి నాలుగు దిమ్మలే. ఆ రోజు పడ్డ నడికట్టును మిగతా ఆరు దిమ్మలతో సహా సంచిలో వేసుకున్నారు. పడ్డప్పుడు నేను కొస నుంచి జారి, దూరంగా దొర్లిపోయాను. రాజుగారు నా సొట్ట గుర్తుపట్టి చెయ్యి చాపారు. పరదేశమ్మ ఆయన మణికట్టు పట్టుకుని వద్దన్నట్టు వేలు ఊపింది. నన్ను తీసుకెళ్ళి బండ మీద ఒక చదునైన చోట నిలబెట్టింది.

రాజుగారు నా వైపు వంగారు. తర్వాత మెడలో వేలాడే ప్లాస్టిక్ పలక తీసి పెన్సిల్‌తో ఏదో రాసి ఆమెకు చూపించారు. ఆ పలక సరిగ్గా నా పైనే ఉంది. 'పరీక్షకు నీ పేరు పంపించాను' అని ఉంది.

పరదేశమ్మ ఆ మాటను రెండుసార్లు చదివింది. మాస్కులోకి నీళ్ళు చేరినట్టున్నాయి, తల పైకెత్తి ముక్కుతో ఊది వదిలేసింది. తర్వాత పలక తీసుకుంది. దండం పెడుతుందనో, కృతజ్ఞత రాస్తుందనో అనుకున్నాను. ఆమె రాజుగారి కాళ్ళ వైపు చూసింది. ఆయన రెక్కలు ఇంకా ఇసుకను రాస్తూనే ఉన్నాయి. కింద ఇలా రాసింది:

'ఇంకొకటి తియ్యాలి.'

రాజుగారి నోటిగొట్టంలోంచి బుడగలు గుంపుగా వచ్చాయి. నీళ్ళలో నవ్వితే అలాగే వస్తాయి.

అప్పటి నుంచి నేను ఇక్కడే ఉన్నాను. ఆమె తెచ్చే ప్రతి మనిషీ నా మీదుగా, జానెడు ఎత్తున, నన్ను తాకకుండా పది ఊపిర్లు నిలబడాలి. ఆ తర్వాతే ఫోటో. ఇసుక లేవదు. చేపలు పారిపోవు. ఆ ఫోటోల్లో కింద మూలన, సొట్టతో, నాచు పట్టిన ఒక ముద్ద కనబడితే అది నేనే. ఆరేళ్ళు వేలమంది నడుముల మీద ఉన్నా, ఒక్కనాడూ నన్ను ఫోటోలో పడనివ్వలేదు.

మీరూ ఎప్పుడైనా దిగుతారు. ఒడ్డున ఎవరో ఒకరు, ఎందుకైనా మంచిదని ఇంకొకటి కట్టబోతారు. కట్టనివ్వకండి. రొమ్ములోతు నీళ్ళలో ఆగి, ఊపిరి బిగబట్టి, నీళ్ళు మీ కళ్ళ దగ్గర ఆగాయో లేదో చూసుకోండి. జాలిపడి నన్ను పైకి మాత్రం తేవొద్దు. నాకు ఇక్కడ పని ఉంది. మునగడం నా పని, నేను చూసుకుంటాను. మీరు నిలబడండి.